బొమ్మకెంత, వెండికెంత? జంతువుల, పక్షుల వెండి నాణేలపై విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో వెండి నాణేలు పోగుచేసేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమే. అయినా దీపావళి ముందు, విదేశాల నుంచి పిల్లలు ఇంటికొచ్చే సెలవుల్లో నా ఫోను మోగుతూనే ఉంటుంది. తిప్పితిప్పి అవే ప్రశ్నలు. ప్రతిసారీ చెప్పడం కన్నా ఒకసారి రాసి పెట్టడం మేలనిపించింది.

దుకాణంలో దొరికే లక్ష్మీదేవి వెండి బిళ్ళకూ, ఈ జంతువుల నాణేలకూ తేడా ఏంటి?

కురుపాం మార్కెట్లో ధన త్రయోదశికి కొనే లక్ష్మీగణపతి బిళ్ళను మనం కాయిన్ అనే అంటాం కానీ అది నాణెం కాదు. దాన్ని ఏ ప్రభుత్వమూ విడుదల చేయలేదు. ఒక కంపెనీ వెండిని గుండ్రంగా కోసి ముద్ర వేసింది, అంతే. దానికి ముఖ విలువ ఉండదు.

నాణెం అంటే ఒక దేశం తన చట్టం ప్రకారం, తన పేరుతో, ఇంత విలువ అని చెక్కి ఇచ్చేది. ఆస్ట్రేలియా కూకబుర్రా పిట్ట నాణెం మీద 1 డాలరు అని ఉంటుంది, కెనడా మేపుల్ లీఫ్ అనే ఆకు బొమ్మ నాణెం మీద 5 డాలర్లు అని ఉంటుంది. లోపలున్న వెండి అంతకు ఎన్నో రెట్లు ఖరీదు చేస్తుంది కాబట్టి ఆ డాలరుకు ఎవరూ టీ కొనుక్కోరు. అలాగని ఆ అంకె ఉత్తిదీ కాదు. వెనకాల ప్రభుత్వం ఉందనడానికి అదే గుర్తు, దొంగ నాణెం చేసినవాడి మీద కేసు పెట్టడానికి ఆధారమూ అదే.

బిళ్ళ కొంటే తప్పేం లేదు. పూజకైతే అదే బాగుంటుంది. బిళ్ళ కొని, నాణేలు పోగుచేస్తున్నామనుకోకండి, అంతే.

ఏ దేశాలు ఏ జంతువులతో వేస్తున్నాయి?

చాలా ఉన్నాయి. నాకు నచ్చినవాటి గురించే చెబుతాను.

చైనా పాండా వెండి నాణెం 1983 నుంచి వస్తోంది. పాండా బొమ్మ దాదాపు ప్రతి ఏడూ మారుతుంది. 2001, 2002 సంవత్సరాల్లో మాత్రం ఒకే బొమ్మ వేశారు. 1989 నుంచి 2015 దాకా ఒక ఔన్సు బరువుండేది, 2016 నుంచి 30 గ్రాములు చేశారు. ఈ సంగతి తెలియక, కొత్త పాండాను కాటా మీద పెట్టి గ్రాము తగ్గిందని నకిలీగా అనుమానించినవాళ్ళు ఉన్నారు.

ఆస్ట్రేలియాలో పెర్త్ టంకశాల కూకబుర్రాను 1990లో మొదలుపెట్టింది. ఈ పిట్ట మన లకుముకి పిట్ట కుటుంబంలోదే. పెద్ద తల, బల్లెం లాంటి ముక్కు చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. దీని బొమ్మ ప్రతి ఏడూ మారుతుంది. 2007 నుంచి కోలా కూడా వస్తోంది. కూకబుర్రా ముందు నన్నడిగితే కోలా కొంచెం బొద్దుగా, బొమ్మల కొట్టు సరుకులా ఉంటుంది.

కెనడా 2011 నుంచి 2013 వరకు ఆరు అడవి జంతువుల వరుస వేసింది. ఏడాదికి రెండు చొప్పున తోడేలు, గ్రిజ్లీ ఎలుగు, కూగర్, మూస్, ప్రాంగ్‌హార్న్, అడవి దున్న. ఒక్కొక్కటి పది లక్షల నాణేలు ముద్రించారు. పది లక్షలంటే అరుదైన వస్తువు కాదు, ఆ మాట గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

సోమాలియా పేరుతో వచ్చే ఏనుగు నాణేన్ని జర్మనీలో బవేరియా ప్రభుత్వ టంకశాల ముద్రిస్తుంది. చెవులు చేటలంత ఉంటాయి, ఆఫ్రికా ఏనుగు కదా. రువాండా పేరుతో 2008లో గొరిల్లాతో ఒక వరుస మొదలైంది, ఏటా ఒక కొత్త జంతువు. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ 1967 నుంచి బంగారంలోనే ఉండేది, యాభై ఏళ్ళు నిండిన 2017లో వెండిలోనూ వచ్చింది. దాని మీదున్న స్ప్రింగ్‌బక్ మన కృష్ణజింకకు దూరపు చుట్టం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కాబట్టి ఆ నాణెం చూసినప్పుడల్లా నాకు కాస్త అసూయగా ఉంటుంది.

అమెరికా సిల్వర్ ఈగిల్ 1986లో మొదలైంది. అందులో గద్ద చాలా ఏళ్ళు ప్రభుత్వ ముద్రలోని గద్దలాగే బిగుసుకుని ఉండేది. 2021లో బొమ్మ మార్చారు. ఇప్పుడది గూటికి కొమ్మ పట్టుకుని దిగుతున్న నిజమైన గద్ద.

ఇక మన బీచ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూసినవాళ్ళు ఫిజీ తాబేలు నాణెం చూడాలి. 2010లో తాకు అన్న పేరుతో వచ్చింది. అది హాక్స్‌బిల్ తాబేలు, మన రిడ్లీ కాదు. తర్వాత అదే తాబేలు నియూ అనే దేశం నాణెం మీదకు మారింది.

నియూ ఏంటి? రెండు వేల మంది కూడా లేని దీవికి ఇన్ని నాణేలెందుకు?

ఖర్చు పెట్టుకోడానికి కాదు. అక్కడ వాడేది న్యూజిలాండ్ డాలరు. చిన్న దేశాలు తమ పేరు వాడుకునే హక్కును టంకశాలలకు ఇస్తాయి, బదులుగా రాయల్టీ తీసుకుంటాయి. ముద్రించేది ఒకచోట, అమ్మేది ఇంకోచోట, పేరు మాత్రం దీవిది. మోసమేమీ లేదు, చట్టబద్ధమే. కాకపోతే ఇలాంటి పేర్లతో ఏటా గుట్టలుగా కొత్త బొమ్మలు వస్తుంటాయి. రంగులద్దినవి, రాళ్ళు పొదిగినవి, గుడ్డు ఆకారంలోవి. పదేళ్ళ తర్వాత వీటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. ఒకే బొమ్మను ఏళ్ళ తరబడి పట్టుకుని నడిచే వరుసలకే నిలకడైన గిరాకీ ఉంటుందని నా అనుభవం.

మన దేశంలో జంతువుల నాణేలు లేవా?

లేకేం! మన జేబులో ఉన్న ప్రతి నాణెం మీదా సింహాలున్నాయి. అశోకుడి స్తంభం మీది సింహాల కింద పట్టీలో ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఉంటాయి. నాణెం మీద వాటిలో ఎద్దు, గుర్రం మాత్రమే కనిపిస్తాయి, భూతద్దం పెట్టి చూడండి. 'వరహా' అన్న మాటే వరాహం నుంచి వచ్చింది. చాళుక్యుల చిహ్నం పంది, అది నాణేనికి ఎక్కి, చివరికి నాణేనికే పేరైంది. విజయనగర రాజు అచ్యుతరాయల నాణేల మీద గండభేరుండ పక్షి ఉంది. మనకిది కొత్త సరదా కాదు.

ఈ కాలానికొస్తే, ప్రాజెక్ట్ టైగర్ మొదలై యాభై ఏళ్ళు నిండినందుకు 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధాని 50 రూపాయల స్మారక నాణెం విడుదల చేశారు. ఇలాంటి స్మారక నాణేలను ఎస్‌పీఎంసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ అమ్ముతుంది. ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలలు దాని కిందివే. మామూలు చిల్లర నాణేల్లో సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన స్మారక నాణెం ఎన్టీఆర్ వంద రూపాయలది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. హైదరాబాద్‌లో ముద్రించారు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. ఇక్కడ జంతువు లేదు కదా అనకండి, ఈ పాళ్ళ సంగతి చెప్పడానికే తెచ్చాను. చాలా ఏళ్ళపాటు మన స్మారక నాణేల్లో చాలావాటికి ఇవే పాళ్ళు ఉండేవి. స్మారక నాణెం అనగానే స్వచ్ఛమైన వెండి అనుకుని, ఆ బరువుకు లెక్కకట్టి, తర్వాత బాధపడేవాళ్ళు చాలామంది.

మా తాతగారి పెట్టెలో పులి బొమ్మ రూపాయి దొరికింది. వెండిదేనా?

1947 రూపాయే అయితే కాదు, నికెల్. అయస్కాంతం దగ్గర పెట్టండి, టక్కున అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు.

దీని వెనక కథ బాగుంటుంది. బ్రిటిష్ వారి పాత రూపాయి 11.66 గ్రాములు, అంటే తులం. అందులో దాదాపు 92 శాతం వెండి. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి 1940 నుంచి సగానికి తగ్గించారు. మిగతా సగం రాగి, నికెల్, జింకు. ఇందాక చెప్పిన ఎన్టీఆర్ నాణెం పాళ్ళు అక్షరాలా అవే. యుద్ధం అయ్యాక ఆ సగమూ తీసేసి స్వచ్ఛమైన నికెల్ పెట్టారు, వెనక వైపు పులిని దించారు. పావలా, అర్ధరూపాయి 1946లోనూ 1947లోనూ వచ్చాయి, రూపాయి 1947లో. వెండి వెళ్ళిపోయిన దారిలో పులి వచ్చిందన్నమాట.

కాబట్టి 'పులి వెండి రూపాయి' అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

ఔన్సు అంటే మన లెక్కలో ఎంత?

ఇక్కడ ఔన్సు అంటే ట్రాయ్ ఔన్సు, 31.1035 గ్రాములు. వంటింటి ఔన్సు 28 గ్రాముల చిల్లర, అది వేరు. తులాల్లో చూస్తే రెండున్నర తులాలకు పైన, రెండు తులాల ముప్పాతికకు లోపు.

ధర న్యాయంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

బొమ్మా బొరుసా అని ఎగరేస్తాం చూడండి, ఆ మాటే ఇక్కడ పనికొస్తుంది. మీరిచ్చే డబ్బులో కొంత బొమ్మకు, కొంత వెండికి. రెండూ విడదీసి చూడాలి.

లెక్క తేలిగ్గా ఉండడానికి వెండి కిలో లక్ష రూపాయలు అనుకుందాం. గ్రాము వంద. అప్పుడు ఔన్సు నాణెంలో వెండి 3,110 రూపాయలు. దుకాణంలో మూడు శాతం జీఎస్టీతో కలిపి 5,200 అడిగారనుకోండి. పన్ను, రవాణా, అమ్మేవాడి లాభం, టంకశాల ముద్ర, అరుదుదనం, అన్నీ కలిపి బొమ్మకు మీరు పెడుతున్నది 2,090. ఆ జంతువు మీకు అంత ముద్దొస్తోందా? వస్తే కొనండి. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది.

అదే లెక్కలో ఎన్టీఆర్ నాణెం పాళ్ళున్న 35 గ్రాముల స్మారక నాణెం సగమే వెండి కాబట్టి 17.5 గ్రాములు, 1,750 రూపాయలు. ఈ రోజు కిలో ధర ఎంతుందో చూసి అంకె మార్చుకోండి, పద్ధతి అదే.

పెట్టుబడిగా మంచిదా?

వెండి ధర పెరుగుతుందని నమ్మితే కడ్డీ కొనండి, లేదా వెండి ఈటీఎఫ్ (షేర్ల మార్కెట్లో కొనే వెండి ఫండ్) కొనండి. బొమ్మకు డబ్బు దండగ. నాణెం కొన్న రోజే బొమ్మకు పెట్టిన సొమ్ములో చాలావరకు పోయిందనుకుని కొంటే మనసు ప్రశాంతంగా ఉంటుంది. కొన్ని నాణేల బొమ్మ విలువ పెరుగుతుంది, నిజమే. అది ఎన్ని ముద్రించారు, ఎందరు వెతుకుతున్నారు అన్న రెండు అంకెల మీద ఆధారపడుతుంది. అమ్మేవాళ్ళు మొదటి అంకె ఒక్కటే చెబుతారు. వెయ్యే ముద్రించారు సార్, అంటారు. అడిగేవాళ్ళు ఐదొందల మందే అయితే ఆ వెయ్యీ ఎక్కువే.

ప్రూఫ్, బీయూ, యాంటిక్ అంటే ఏంటి?

ప్రూఫ్ అంటే మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ళ మీద ఒకటికి మించి సార్లు కొట్టినది. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చోటు అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు ఉంటుంది. బీయూ అంటే మామూలుగా కొట్టిందే, కానీ చెలామణిలోకి వెళ్ళని తళతళలాడే కొత్తది. యాంటిక్ అంటే కావాలని నల్లగా చేసి, ఎత్తైన చోట్ల రుద్దినది. ఏనుగు చర్మం లాంటివాటికి ఇది అందంగా ఉంటుంది, చేపలకు బాగుండదు.

స్లాబ్ అని వినే ఉంటారు. అమెరికాలో ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు నాణెం పరిశీలించి 70కి మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. కొత్త నాణేలకు 69కీ 70కీ తేడా మామూలు కంటికి కనిపించదు. ధరలో మాత్రం బాగా కనిపిస్తుంది. నేనైతే కొత్తవాటికి ఆ డబ్బు పెట్టను.

నకిలీని ఇంట్లో ఎలా పట్టుకోవాలి?

ముందు అయస్కాంతం. అతుక్కుంటే అక్కడితో కథ అయిపోయింది. అతుక్కోకపోయినంత మాత్రాన అసలుదని కాదు. రాగి, ఇత్తడి, సీసం కూడా అతుక్కోవు.

రెండోది కాటా, స్కేలు. సిల్వర్ ఈగిల్ 40.6 మిల్లీమీటర్లు, మేపుల్ లీఫ్ 38, రెండూ ఔన్సు బరువు. దొంగ లోహం చాలాసార్లు వెండి కన్నా తేలికగా ఉంటుంది కాబట్టి నకిలీ చేసేవాడు బరువు సరిపెట్టాలంటే మందం పెంచాలి, మందం సరిపెడితే బరువు తగ్గుతుంది. ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు.

మూడోది నాకు బాగా ఇష్టమైన పరీక్ష, నీళ్ళది. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీళ్ళలో మునిగేట్టు వేలాడదీయండి. కాటా చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. వెండికి 10.49 దగ్గర రావాలి. అంటే ఔన్సు నాణేనికి కాటా దాదాపు 2.97 చూపించాలి. రాగి మీద వెండి పూత వేసినదైతే 3.4 పైన చూపిస్తుంది. సీసమైతే 2.75 దగ్గర ఆగిపోతుంది. నాణేనికి గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, మెల్లగా తట్టి వదిలించండి. ప్రూఫ్ నాణేల మీద ఈ ప్రయోగం వద్దు.

మంచు ముక్క పరీక్ష వీడియోల్లో బాగుంటుంది. వెండి వేడిని వేగంగా పంపుతుంది కాబట్టి మంచు త్వరగా కరుగుతుంది, నిజమే. కానీ రాగి మీద కూడా దాదాపు అంతే వేగంగా కరుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ధర. వెండి ధర కన్నా తక్కువకు వెండి నాణెం ఎవరైనా ఎందుకమ్ముతారు?

మాది బీచ్ దగ్గర. నాణేలు నల్లబడుతున్నాయి. సముద్రపు గాలేనా?

సగం నిజం. ఇంటి గ్రిల్స్ తుప్పు పట్టించేది ఉప్పుగాలి, కాబట్టి వెండినీ అదే తినేస్తోందనుకుంటాం. వెండికి అసలు శత్రువు గంధకం. గాలిలో అతి కొద్దిగా ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసి పైన నల్లటి సిల్వర్ సల్ఫైడ్ పొర కడతాయి. వాహనాలు, పరిశ్రమలు ఉన్న ఊరు మనది, గంధకానికి కొదవ లేదు. తేమ ఉంటే ఆ పని వేగంగా జరుగుతుంది, అక్కడ సముద్రం తన వంతు సాయం చేస్తుంది.

ఇంట్లోనూ గంధకం ఉంది. రబ్బరు బ్యాండు, ఉన్ని బట్ట, కొన్ని రకాల అట్టపెట్టెలు, పాత న్యూస్‌పేపరు. కట్టగా ఉంటుందని రబ్బరు బ్యాండు వేస్తే నాణెం మీద నల్లటి గీత అలాగే మిగిలిపోతుంది.

చేయాల్సింది పెద్దగా లేదు. ఒక్కో నాణేన్ని సరిపడే సైజు గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్లో పెట్టండి. మందుల షాపులో అడక్కండి, ఒకాయన అడిగారు. క్యాప్సూళ్ళను గాలి చొరబడని స్టీలు లేదా ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పొట్లాలు మార్చండి. బాత్రూం గోడకు ఆనుకున్న బీరువా వద్దు.

మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం విషం. ఏళ్ళు గడిచేకొద్దీ అందులోంచి జిగురు లాంటిది ఊరి నాణెం మీద ఆకుపచ్చగా అంటుకుంటుంది. కొత్తలో నేనూ స్టేషనరీ షాపు కవర్లే వాడి నాలుగు నాణేలు పాడుచేసుకున్నాను. అలా జిగురు పట్టినవాటిని స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయొచ్చు, తలుపులు తీసి, పొయ్యికి దూరంగా. గోళ్ళ రంగు తీసే ద్రవం పనికిరాదు, అందులో వేరే నూనెలు, రంగులు కలుపుతారు.

హుద్‌హుద్ తుఫానప్పుడు, 2014 అక్టోబరు 12న, మా కిటికీ అద్దం పగిలి బీరువాలోకి నీళ్ళొచ్చాయి. అట్టపెట్టెలు, టంకశాల సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. క్యాప్సూళ్ళలో ఉన్నవాటికి ఏమీ కాలేదు. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ అని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటి నుంచి ఆ పిట్ట ఉన్న వెండి నాణెం కోసం కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

నల్లబడితే తోమొచ్చా?

వద్దు. విభూతి వద్దు, పళ్ళపొడి వద్దు, చింతపండు వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు.

వరలక్ష్మీ వ్రతం రోజు అమ్మవారి ముందు పెడదామని మా అమ్మ నా కూకబుర్రాను కలశం చెంబుతో పాటు విభూతి పెట్టి తళతళా తోమింది. గజం దూరం నుంచి చూస్తే మెరిసిపోతోంది. దీపం కింద తిప్పి చూస్తే వెంట్రుకవాసి గీతలు వేలకు వేలు. అది బొమ్మ విలువ పూర్తిగా పోగొట్టుకుని వెండి ధరకు దిగిపోయింది. అమ్మను ఏమనగలం? దేవుడి గూట్లో పెట్టింది నేనే. ఇప్పుడది ప్రతి ఏడూ వ్రతానికి వస్తోంది.

అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి గీతలు పడనీయకుండా నలుపు తీసేస్తుంది. కంచాలకు, గ్లాసులకు హాయిగా వాడుకోండి. నాణేనికి మాత్రం ఏళ్ళ తరబడి పట్టిన నీలం, బంగారు రంగుల పొర ఉంటే దానికోసమే ఎక్కువ ఇచ్చేవాళ్ళున్నారు. ఒకసారి తీసేశాక తిరిగి రాదు.

నాణేన్ని పట్టుకునేటప్పుడు అంచులతోనే పట్టుకోండి. కింద మెత్తటి తువ్వాలు పరవండి. దాని మీదకు వంగి మాట్లాడకండి, ఉమ్మి చుక్క పడితే మచ్చ పడుతుంది.

కొత్త నాణెం మీద పాల చుక్కల్లాంటి తెల్ల మచ్చలొచ్చాయి. ఎందుకు?

వాటిని మిల్క్ స్పాట్స్ అనే అంటారు. ముద్ర వేసే ముందు బిళ్ళను కడిగి కాల్చే దశలో మిగిలిన రసాయనాల వల్ల వస్తాయి. మీ తప్పు కాదు. కెనడా టంకశాల 2018 నుంచి మేపుల్ లీఫ్‌కు వీటిని తగ్గించే పద్ధతి వాడుతోంది. రుద్దితే పోవు, రుద్దకండి.

మా అబ్బాయి మెల్‌బోర్న్ నుంచి తెస్తానంటున్నాడు. కస్టమ్స్ టెన్షన్ ఉందా?

విమానాశ్రయంలో మనకిచ్చే సుంకం లేని సామాను మినహాయింపు ఆభరణాలు కాని వెండికి వర్తించదు. ఒక్క నాణెమైనా డిక్లేర్ చేసి, సుంకం ఉంటే కట్టి, రసీదు దాచుకోమనండి. కొరియర్లో తెప్పించినా సుంకం, దానిపై జీఎస్టీ, కొరియర్ వాళ్ళ చార్జీలు కలుస్తాయి. 2024 జులై బడ్జెట్లో వెండిపై సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించారు, కానీ ఇవి మారుతుంటాయి. ఆర్డరు పెట్టే రోజున ఉన్న రేటు చూసుకోండి. చాలాసార్లు లెక్కేస్తే ఇక్కడి డీలరు దగ్గర కొన్నదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

విశాఖలో ఎక్కడ కొనొచ్చు?

బంగారు దుకాణాల్లో ఇవి దాదాపు దొరకవు. అక్కడ దొరికేవి బిళ్ళలు. ఎస్‌పీఎంసీఐఎల్ వెబ్‌సైట్‌లో బుకింగ్ తెరిచినప్పుడు మన స్మారక నాణేలు, నమోదైన నాణేల డీలర్ల దగ్గర విదేశీవి కొనుక్కోవడం నా పద్ధతి. ప్రదర్శనలకు వెళితే ముందు చుట్టూ తిరిగి ధరలు కనుక్కోండి, రెండో రౌండులో కొనండి. బిల్లు లేకుండా కొనకండి. రెండేళ్ళు దాటి అమ్మితే దీర్ఘకాలిక లాభంగా 12.5 శాతం పన్ను పడుతుంది. కొన్న ధర చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

పాత నాణేలు కూడా కొనొచ్చా? మన కొండల్లో దొరుకుతాయంటారు కదా?

తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. అవి పురావస్తు శాఖ తవ్వితే దొరికినవి. మీకు నేలలో ఏదైనా దొరికితే ప్రభుత్వానికి చెప్పాలి, అందుకు 1878 నాటి చట్టమే ఉంది. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు కానీ దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి విక్టోరియా రూపాయి పార్సిల్ చేద్దామనుకునే తాతలు ఇది గమనించాలి. ఇక మన ప్రభుత్వ నాణేలను కరిగించడం నేరం.

నా పాత నాణేనికి లక్షలిస్తామని మెసేజ్ వచ్చింది. నిజమేనా?

కాదు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు, తర్వాత పన్ను అంటారు, ఆ తర్వాత ఫోను ఎత్తరు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా ఫీజులు, కమిషన్లు అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

అమ్మాల్సి వస్తే?

బంగారు దుకాణంలో బొమ్మకు పైసా రాదు, వెండికే ధర కడతారు, అందులోనూ తరుగు తీస్తారు. వాళ్ళ వ్యాపారం అది, తిట్టుకోనక్కర్లేదు. బొమ్మకు ధర కావాలంటే ఇంకో కలెక్టరుకే అమ్మాలి. క్యాప్సూల్, పెట్టె, సర్టిఫికెట్ అన్నీ ఉంటే మాట త్వరగా తెగుతుంది. వరుస పూర్తిగా ఉంటే ఇంకా మంచిది. ఆరు కెనడా జంతువుల్లో ఐదు ఉన్నవాడు ఆరోదాని కోసం పడే ఆరాటం చూస్తే మీకే అర్థమవుతుంది.

మా పాపకు పదేళ్ళు. మొదటి నాణెంగా ఏది ఇవ్వాలి?

వెండిది వద్దు. పోతే మీరు తిడతారు, ఆమె ఏడుస్తుంది. పోపుల డబ్బాలోనో, పాత పర్సులోనో వెతికితే పావలా దొరుకుతుంది, ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలుది. 1988 నుంచి వచ్చింది, 2011 జూన్ 30తో చెలామణి ఆగిపోయింది. భూతద్దం కూడా ఇచ్చి, ఖడ్గమృగం ఒంటి మీది మడతలు లెక్కపెట్టమనండి. ఓ ఆదివారం మన జూకు తీసుకెళ్తే, నాణెం చెక్కినవాడు ఏ జంతువును సరిగ్గా చూశాడో, ఏది చూడకుండా చెక్కాడో ఆమే చెబుతుంది.